నూట పద్దెనిమిది

నూట పద్దెనిమిది అని నేనే పిలిచాను. మా నాయన బల్ల మీద నుంచి లేవలేదు. రెండోసారి పిలిచాను, కొంచెం గట్టిగా, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచినట్టు. పక్కనున్న యోబు మోచేత్తో పొడిచి "మిమ్మల్నే శెట్టిగారూ" అంటే అప్పుడు లేచి, చొక్కా సర్దుకుని, నా ముందు ఒక్క క్షణం ఆగి "నాగభూషణం అని పిలిస్తే నోరు పడిపోతాదా నీకు" అన్నాడు. పడిపోదు నాయనా. కానీ ఈ షెడ్డులో ఎవరికీ పేరు లేదు. రాగానే పేరు రాసిన కాగితం పెట్టెలో పెట్టి తాళం వేస్తాం, అంకె ఒక్కటే చేతికిస్తాం. రేపు ఈ జవాబులు ఎవరు చదివినా ఇది ఫలానా మనిషి జబ్బు అని తెలియకూడదు. నిన్న మధ్యాహ్నం అన్నం దగ్గర ఇదంతా విడమరిచి చెప్పాను. విన్నాడు, మజ్జిగ పోసుకుంటూ "పేరు లేని సరుకు నేనెప్పుడూ అమ్మలేదే" అన్నాడు. ఇప్పుడు ఆ పేరు లేకుండానే లోపలికి పోయాడు. నాతో పనిచేసే ఆంజనేయులు తలుపు మూశాడు. పది దాటి ఐదు నిమిషాలు. ఇక గంటసేపు నాకు పని లేదు, ఉన్న పనల్లా ఈ కుర్చీలో కూర్చోవడమే.

తర్లుపాడులో ఇది ఒకప్పుడు రాతి పలకలు కోసిన షెడ్డు. కోత మిషన్లు పోయి చాలా ఏళ్లయింది, నేల మీద పరిచిన పలక ముక్కలు మాత్రం మిగిలాయి, నల్లగా, చల్లగా, చెప్పులు విప్పి పాదాలు ఆనిస్తే ప్రాణం హాయిగా ఉంది. పైన రేకు అప్పుడే వేడెక్కి టిక్కు టిక్కు అంటోంది. మా నియమం ప్రకారం ఇంటి మనిషిని ఇంటి మనిషి ప్రశ్నలు అడగకూడదు, అందుకే లోపల ఆంజనేయులు, బయట నేను. అసలు నాయన పేరు ఆసుపత్రి నుంచి వచ్చిన జాబితాలో చూసిన రోజు మా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి, తీసేద్దామా సార్ అని అడిగాను. ఆయన, నీ మనిషని ఒకర్ని తీసేస్తే రేపు నచ్చలేదని ఇంకొకర్ని తీసేస్తావు, జాబితాలో ఉన్న మనిషి ఉండాల్సిందే, నువ్వు మాత్రం గదిలో ఉండొద్దు అన్నారు. సరే సార్ అన్నాను. గదిలో లేను. కానీ ఆ గదిలో అడిగే యాభై రెండు ప్రశ్నలూ నేను రాసినవే, వరుస తప్పకుండా నోటికొచ్చు, గోడ ఇవతల కూర్చున్నా ఏ ప్రశ్న దగ్గర ఎవరు దగ్గుతారో కూడా తెలుసు. ఇప్పుడు వయసు అడుగుతుంటాడు. ఇప్పుడు ఊరు. ఇప్పుడు తాగే నీళ్లు ఏ బోరువి.

మా అమ్మకు ఈ చదువంతా ఒక్క మాటలో చెప్పమంటే నాకు మూడేళ్లు పట్టింది. ఈ చుట్టుపక్కల మండలాల్లో ప్రోస్టేట్ కాన్సర్ వచ్చిన మగవాళ్లు నూట యాభై మంది, అదే వయసు వాళ్లు, అదే ఊళ్లవాళ్లు, జబ్బు రానివాళ్లు ఇంకో నూట యాభై మంది. ఈ రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి, ఈ నలభై ఏళ్లలో ఎవరు ఏ పురుగుమందు ఎంత ముట్టుకున్నారు, ఏ నీళ్లు తాగారు, ఏ దుమ్ము పీల్చారు అని అడిగి, తేడా ఉందా లేదా, ఉంటే ఎంత అని చూడటం. అంతేనమ్మా. మా అమ్మ రమణమ్మ చేటలో కందులు చెరుగుతూ అంతా విని "అయితే మీ నాయనకు మందు వల్లే వచ్చిందా" అని అడిగింది. తెలీదమ్మా, ఒక్క మనిషి సంగతి ఎవరూ చెప్పలేరు. "అంత చదివి తెలీదంటావేంది" అని చేట అక్కడే పెట్టి లోపలికి పోయింది. నిజంగానే తెలీదు. మందు తాకకుండా జబ్బు వచ్చినవాళ్లున్నారు, ఒళ్లంతా తడుపుకుని డెబ్బై ఐదేళ్లకు సైకిల్ తొక్కుతున్నవాళ్లున్నారు. ఒకరి కథ కథగానే మిగులుతుంది. మూడు వందల మంది నిజం చెబితే మాత్రం దానికి ఒక రూపం వస్తుంది, అదీ నిజం చెబితేనే.

రాచర్లలో చెప్పలేదు. పోయిన శ్రావణంలో, మొదట లోపలికి పోయింది ఊళ్లో పెద్దాయన, ఒకప్పటి సర్పంచి. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకునేవారా అంటే "ఎందుకు వేసుకోం, అడివిలో ఉన్నోళ్లమా" అన్నాడట. బయటికొచ్చి మీసం దువ్వుకుంటూ అదే మాట బల్ల మీద వాళ్లందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత పదకొండు మంది, ఒకరి వెనక ఒకరు, తొడుగులు వేసుకున్నామనే చెప్పారు. ఆ రోజుల్లో రాచర్లలో తొడుగులు అమ్మిన దుకాణం ఒక్కటీ లేదు. వాళ్లు మమ్మల్ని మోసం చెయ్యాలని కాదు. పెద్దాయన అవునన్నాక మనం కాదంటే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టే గదా, అంత మాట ఎవరంటారు, మర్యాద. ఆ మర్యాద వల్ల పన్నెండు మంది జవాబులు పక్కన పడేశాను, గిద్దలూరు బస్టాండులో ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని ఏడుపు మింగుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచే కొత్త నియమం పెట్టాం, లోపల పని అయినవాళ్లు వెనక తలుపు గుండా పోవాలి, బల్ల మీద వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఇక్కడ వెనక తలుపుకు అడ్డంగా పలకల గుట్ట ఉంటే పొద్దున్నే నేనూ ఆంజనేయులూ చేతులు గీరుకుపోయేలా తీశాం.

లోపలి నుంచి నాయన గొంతు వినిపిస్తోంది. ఆయన గొంతుకు గోడలు అడ్డం కావు, ముప్పై నాలుగేళ్లు పురుగుమందుల దుకాణంలో, సంతరోజు గోలలో, స్ప్రేయర్ మోటార్ల చప్పుడులో, మాట పోనివ్వకుండా పెంచుకున్న గొంతు. పైగా ఈ మధ్య చెవి మందగించి, ఎదుటివాడికి కూడా వినపడదనుకుంటాడు. "నాలుగుసార్లు!" అన్నాడు. పదకొండో ప్రశ్న అన్నమాట, రాత్రిపూట ఒంటేలుకు ఎన్నిసార్లు లేస్తారు. బల్ల మీద యోబు, అతని పక్కన మీరావలి, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వు దాచుకున్నారు. నేను లేచి బల్లను గోడకు దూరంగా జరిపించాను, పరువు ఆయనదైనా గోప్యం నాది. రెండేళ్లు ఈ నాలుగుసార్లను మా అమ్మకు కూడా చెప్పలేదు ఈ మనిషి, కరెంటు మీటరు తిరుగుతుందో లేదో చూసొస్తున్నానని చెప్పి లేచేవాడు. మీటరు మీద ఇంత ప్రేమేందని మా అమ్మకు అనుమానం వచ్చి నాకు ఫోన్ చేస్తే, నేను కర్నూలు ఆసుపత్రికి లాక్కుపోయాను. కాన్సర్ మీద పరిశోధన చేసే కూతురు ఉండి కూడా రెండేళ్లు. నా మీద నాకే వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అంతకు ముందు అయితే ఎంత చెప్పుకునేవాడో. మా పాప కాన్సర్ మీద పరిశోధన చేస్తాంది, పెద్ద యూనివర్సిటీలో, అని బస్సు కండక్టరుతో, టీకొట్టు మొహిద్దీన్ బాషాతో, గుళ్లో పూజారితో, విత్తనాలకొచ్చిన ప్రతి రైతుతో. నేను సిగ్గుపడి ఊరుకో నాయనా అంటే, నా సరుకు గురించి నేను చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు అనేవాడు. తనకే వచ్చాక చెప్పడం మానేశాడు.

పేజీ తిరిగింది. ఇప్పుడు కార్డులు. రైతులకు మందు పేర్లు గుర్తుండవు, పచ్చ మూత డబ్బా, వెల్లుల్లి కంపు మందు, ఎర్ర గుర్తు మందు, అట్లా గుర్తుంటాయి. ఆ సంగతి ఏ యూనివర్సిటీలోనూ చెప్పలేదు, దుకాణంలో గుమ్మం పక్కన గోనె పట్టా మీద కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్లకు తెలిసిన సంగతి. అరల్లో డబ్బాల రంగులు చూస్తూ లెక్కలు నేర్చుకున్నాను నేను. అందుకే ముప్పై రెండు డబ్బాల బొమ్మలు గీసి కార్డులు చేశాను, అవి చూపిస్తే ముసలివాళ్ల కళ్లు వెలుగుతాయి, ఇదే, ఇదే, పత్తికి తెల్లదోమ పడిన సంవత్సరం ఇదే కొట్టినాం అంటారు. లోపల నాయన అన్నీ గడగడా చెబుతున్నాడు, ఎండోసల్ఫాన్, మోనో, గమాక్సిన్ పొడి, ఏది ఏ ఏడు వచ్చింది, ఏది ఎప్పుడు ఆగింది. ఆంజనేయులు "మెల్లగా పెద్దాయనా, రాసుకోనీ" అంటున్నాడు. గర్వంగా ఉంది నాకు, ఎందుకు దాచుకోవాలి, ఈ మూడు మండలాల్లో ఇంత గుర్తున్న మనిషి ఇంకొకడు లేడు.

ఇరవై రెండు. ఇరవై మూడు. ఇంకా నాలుగు ప్రశ్నలు దాటితే ఇరవై ఏడు.

ఇరవై ఏడో ప్రశ్న నేను మొదటి ఏడాదే రాశాను, ఆయనకు జబ్బు అని తెలియక ముందు. "మందును ఎప్పుడైనా వట్టి చేత్తో తాకారా? తాకితే ఎన్నేళ్లు, రోజుకు ఎన్నిసార్లు?" రాస్తున్నప్పుడు నా కళ్ల ముందు ఉన్నది ఒక్క వేలే, నాయన కుడిచేతి చూపుడు వేలు. నకిలీ మందులు బాగా వచ్చిన రోజులవి, సగం డబ్బా నీళ్లే, రైతు కొట్టి కొట్టి పురుగు చావక గుండె పగిలి కూర్చునేవాడు. కొనడానికొచ్చినవాడి కళ్లలో అనుమానం చూడగానే నాయన ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, సీలు తీసి, ఒక్క చుక్క వేసి, వేలు పెట్టి కలిపేవాడు. నీళ్లు పాలలాగ తెల్లగా మారేవి. ఆ వేలు పైకెత్తి వాసన చూసి, చూడు, అసలు సరుకు, నా వేలు పెట్టి చూపిస్తున్నా అనేవాడు. భుజం మీద తువ్వాలుకు తుడుచుకుని అదే చేత్తో నాకు పిప్పరమెంటు బిళ్ల ఇచ్చేవాడు. తాటిచెర్ల నాగభూషణం అన్న బోర్డు కింద ఆ గ్లాసు ముందు నిలబడిన మా నాయన కంటే గొప్పవాడు లోకంలో ఉన్నాడని అప్పట్లో నాకు అనిపించలేదు. యర్రగొండపాలెం నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు, శెట్టి దగ్గర మోసం ఉండదు, వేలు పెట్టి చూపిస్తాడు అని.

ఆ వేలు చూసే ఊరు నేర్చుకుంది. ఇది నాకు చెప్పింది యోబే, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, వాన కబురు చెప్పినట్టు. కూలికి మందు కొట్టేవాడు యోబు, ఎవరి చేనైనా అతనే. డ్రమ్ములో కట్టెతో కలపమంటే కట్టె ఎందుకు, శెట్టి వేలు పెట్టినా ఏం కాలేదు, నాకేమయితాది అని మోచెయ్యి దాకా పెట్టి తిప్పేవాడట. నలభై ఏళ్లు. యోబుకు జబ్బు లేదు, అతను రెండో నూట యాభైలో మనిషి, అతని చేతిలో ఉన్నది నూట పంతొమ్మిది. ఇప్పుడు చీటీని వేళ్ల మధ్య చుట్టలాగా చుడుతూ, తలుపు వైపు చూస్తున్నాడు. అతను ఏం చెబుతాడో నాకు తెలుసు. నాయన ఏం చెబితే అదే.

నాయన ఏం చెబుతాడో కూడా తెలుసు, అదే నా భయం. కర్నూలులో డాక్టరు ఏం పని చేసేవారు అని అడిగి, చేతులతో తాకేవారా అంటే, నేను పక్కనే నిలబడి ఉన్నాను, "లేదు సార్, చేతికి గుడ్డ కట్టుకోకుండా ముట్టేవాణ్ని కాదు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, దిగువమెట్ట దాటేదాకా, కుడిచెయ్యి సంచి కింద పెట్టుకుని అడివి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే మాట, గుడ్డ కట్టుకునేవాణ్ని. ఎంత కోపం వచ్చేదో నాకు. వేలు పెట్టి చూపిస్తా అని బతికిన మనిషి, ఆ వేలునే దాచేస్తాడా. తర్వాత తర్వాత అర్థమైంది, ఆ మాట ఒప్పుకుంటే ఆయన ఒప్పుకునేది తన జబ్బు ఒక్కటే కాదు. ఊరంతా తనను చూసే మందులో చెయ్యి పెట్టిందని ఒప్పుకోవాలి. మీసమున్న మనిషికి అది చిన్న సంగతి కాదు. నిన్న అన్నం దగ్గర నాలుక చివరి దాకా వచ్చింది, నాయనా, నకిలీ అంటే నీకు పడదు గదా, నకిలీ జవాబు కూడా అంతే అని. అనలేదు. ఏం చెప్పాలో ముందే నూరిపోయడం కూడా నియమం తప్పడమే. పెరుగు గిన్నె ఆయన వైపు జరిపాను. ఆయన నకిలీ చెబితే ఆయనతో పాటు యోబు, యోబుతో పాటు మీరావలి, ఈ ఊరి జవాబులన్నీ ఇంకో రాచర్ల. మూడేళ్ల పని. అంతకంటే ఎక్కువ, మా నాయన.

ఇరవై ఆరు. పేజీ తిరిగిన చప్పుడు. ఆంజనేయులు అడుగుతున్నాడు, నా మాటలే, అక్షరం మారకుండా. మందును ఎప్పుడైనా వట్టి చేత్తో.

గొంతు లేదు. గోడ దాటొచ్చే గొంతు ఆగిపోయింది. రేకు టిక్కుమంది. గిద్దలూరు వైపు పోయే ప్యాసింజరు స్టేషన్లో ఒకసారి కూసి కదిలింది, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా లోపల ఏమీ లేదు. తర్వాత ఏదో మాట, చాలా చిన్నగా, మా నాయన అంత చిన్నగా మాట్లాడగలడని నాకు ముప్పై మూడేళ్లలో తెలియదు. ఇంకో మాట. ఆంజనేయులు ఏదో అడిగాడు. మళ్లీ చిన్నగా. ఏం చెప్పాడు. లేచి రెండడుగులు వేస్తే వినపడుతుంది. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను, పాదాలు పలకలకు అదిమిపెట్టి. చిన్నప్పుడు గ్లాసులో చుక్క వేశాక నీళ్లు తెల్లబడేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని, ప్రతిసారీ, అసలు సరుకేనని తెలిసినా. మిగతా ప్రశ్నలు ఎట్లా గడిచాయో నాకు తెలియదు, వరుస మొదటిసారి తప్పిపోయింది.

పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుండగా తలుపు తెరుచుకుంది. వెనక తలుపు కాదు, ముందుది. నాయన, ఆయన వెనక చేతులు ఊపుతూ ఆంజనేయులు, "వెనక నుంచి పోవాలని చెప్తానే ఉన్నా మేడం, వినలే." నాయన నా వైపు చూడలేదు. నేరుగా బల్ల దగ్గరికి పోయాడు.

"యోబూ."

"ఆఁ, శెట్టిగారూ."

"లోపల చేతుల సంగతి అడుగుతారు. నేను వేలు పెట్టినానని చెప్పినా. ముప్పై నాలుగేండ్లు, వట్టి వేలు, రోజుకు పది పదిహేను తూర్లు. గుడ్డా లేదు, ఏమీ లేదు."

యోబు లేచి నిలబడ్డాడు. చీటీ నలిగి ఉంది చేతిలో. "నేను కూడా గుడ్డ కట్టుకున్నానని చెప్దామనుకుంటి గదా. మీరు ఊరంతా అట్ల చెప్తాంటిరి. మీ మాటకు ఎదురు పోవడమెందుకని."

"అబద్ధం చెప్పినా." ఇప్పుడు గొంతు పాత గొంతే, షెడ్డంతా నిండింది. "నా వేలు చూసే గదా నువ్వు చెయ్యి పెట్టింది. ఉండేది ఉన్నట్టు చెప్పు. నా పరువు నువ్వు మోయొద్దు. మీరావలీ, నువ్వూ అంతే."

ఆపాలి. ఆపడం నా పని. ఒక మనిషి ఇంకో మనిషికి జవాబు చెప్పకూడదు, అది నిజమైనా సరే, నిజమైతే ఇంకా ఎక్కువగా, నియమం నియమమే. నోరు తెరిచాను, నాయనా అని రాబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, గర్వంతో, సిగ్గు లేకుండా, పట్టలేనంత గర్వంతో. మింగి "నూట పద్దెనిమిది" అన్నాను. "వెనక తలుపు నుంచి పోవాలి."

ఈసారి ఒక్క పిలుపుకే తిరిగాడు. "పోతాండాలేమ్మా" అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మళ్లీ లోపలికి, ఆ గది గుండా, పలకల గుట్ట పక్కగా, ఎండలోకి. కుడిచెయ్యి ఊపుకుంటూ నడిచాడు.

నూట పంతొమ్మిది అని పిలిచాను. యోబు లోపలికి పోయాడు. నియమం తప్పినప్పుడు రాసే పుస్తకం సంచిలోంచి తీశాను, తప్పింది తప్పినట్టు రాయాలి, ప్రొఫెసర్ గారు చదివి ఈ జవాబులు ఉంచాలో తీసెయ్యాలో చెబుతారు, తీసెయ్యమన్నా సరే. తేదీ వేశాను. ఏం జరిగింది అన్న చోట, నూట పద్దెనిమిది ముందు తలుపు గుండా వచ్చి నూట పంతొమ్మిదితో మాట్లాడాడు అని రాశాను. ఏం మాట్లాడాడు అన్న చోట, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు అని రాశాను. కింద సంతకం. ఎప్పుడూ రెండు పొడి అక్షరాలు గీకి వదిలేస్తాను. ఈసారి గుండ్రంగా, కుదురుగా, బోర్డు మీద రాసినట్టు రాశాను. తాటిచెర్ల అనంతలక్ష్మి.